మూడో నట్టు

పానా మళ్ళీ జారింది. ఆ చప్పుడుకు కారులో కూర్చున్న గవ్రిల్ పళ్ళు జివ్వుమన్నాయి. ముప్పై ఏళ్ళు పంక్చర్ల కొట్టు నడిపిన మనిషికి ఆ ఒక్క చప్పుడు చాలు, నట్టు మూలలు అరిగిపోయాయి, ఇక ఈ పానా దాన్ని పట్టదు, నొక్కినకొద్దీ గోళీకాయలా తయారవుతుంది, ఆపు సవేతా, ఆపు, అని లోపల అనుకున్నాడు, మాటలన్నీ వరసగా, శుభ్రంగా, ఒక్క అక్షరం తప్పిపోకుండా ఉన్నాయి, నోరు తెరిచాడు, "రేపు" అన్నాడు. తెరిచి ఉన్న తలుపుకు అవతల, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్న భార్య తలెత్తి చూసింది. "రేపెందుకయ్యా, పెళ్ళి ఇవాళైతే?" అని మళ్ళీ పానా తగిలించింది. రెండేళ్ళ కిందట పక్షవాతంతో కుడిపక్క పడిపోయినప్పుడు మాట కూడా పడిపోయింది. అన్నీ పోయి ఇదొక్కటే మిగిలింది. ఉప్పు కావాలన్నా రేపే, కాలు నొప్పన్నా రేపే, పొద్దున్నే లేచి భార్యను పేరుపెట్టి పిలవబోయినా రేపే. ఇదే ఎందుకు మిగిలిందో డాక్టరుకు తెలియదు, గవ్రిల్ మాత్రం కొట్టు తలుపు మూసేవేళ జనానికి రోజూ చెప్పిన మాట కనక మిగిలిందనుకున్నాడు, రేపు రండి, రేపటికి అయిపోతుంది, అట్లా ముప్పై ఏళ్ళు చెప్పీ చెప్పీ గొంతులో గాడి పడిపోయి ఉంటుంది.

టైరు పేలినప్పుడు అతనికి సంతోషం వేసింది. ఆ సంగతి సవేతాకు తెలియదు. సిరియు జలాశయం పైన కొండను చుట్టుకునే రోడ్డు, మలుపు తిరగ్గానే టప్పుమంది, సవేతా స్టీరింగు గట్టిగా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, కారును మెల్లగా గడ్డిలోకి దించింది, ఈ వేసవిలోనే కారు నడపడం నేర్చుకున్న అరవై రెండేళ్ళ ఆడమనిషి, బాగానే దించింది అనుకున్నాడు, ఆ వెంటనే, ఇక ఇంతోర్సురా ఊరికి పోనక్కర్లేదు అనుకున్నాడు. వెనకసీట్లో తెల్ల రిబ్బన్లు కట్టిన మనిషెత్తు కొవ్వొత్తులు రెండు పడుకోబెట్టి ఉన్నాయి. అక్కడ చర్చిలో, పసికందుగా గవ్రిల్ బాప్తిస్మంలో ఎత్తుకున్న యుస్తీనా పెళ్ళి. వీళ్ళిద్దరూ పెళ్ళిపెద్దలు, వీళ్ళు వెళ్ళి ఆ కొవ్వొత్తులు పట్టుకుని పక్కన నిలబడితే తప్ప పాదిరి నోరు తెరవడు. పెళ్ళిపెద్ద అంటే కొవ్వొత్తి పట్టుకోవడంతో అయిపోదు. విందులో లేచి నిలబడాలి, గ్లాసెత్తాలి, పెళ్ళికొడుకును నాలుగు ఆటలు పట్టించాలి, ముసలమ్మలు పొట్ట పట్టుకుని నవ్వాలి. బుజావు లోయ మొత్తంలో ఆ పని గవ్రిల్ కంటే బాగా చేసినవాడు లేడు. అతని నోటి కోసమే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా పెళ్ళికి పిలిచేవారు. ఇప్పుడు అదే బల్ల ముందు, అదే జనం ఎదట, గ్లాసు ఎడంచేత్తో పట్టుకుని, రేపు అనాలి. జనం నవ్వరు. నవ్వినా బాగుండును, నవ్వకుండా బల్లమీద గుడ్డ వంక చూస్తారు. అందుకని చక్రం గాలి పోయి కూర్చున్నప్పుడు అతని గుండెల్లోకి కాస్త గాలి వచ్చింది.

సవేతా పద్ధతిగానే మొదలుపెట్టింది. జాకీ ఎత్తకముందే నట్లు సడలించింది, అతను చేస్తుంటే చూసి ఉంటుంది. ఈ పాత దాచ్యా కారుకు చక్రానికి మూడే నట్లు. రెండు వచ్చేశాయి, వాటిని చక్రం మూతలో వేసి పెట్టింది. మూడోది మొండికేసింది. మొండికేయక ఏం చేస్తుంది, దాన్ని బిగించింది తనే గదా. రెండేళ్ళ కిందట, సరిగ్గా ఇలాంటి ఆలూబుఖారా పళ్ళ రోజుల్లోనే, ఇంటి పెరట్లో సారా కాచే బానకింద మంట, పళ్ళ పులుపు వాసన, కందిరీగలు, సవేతా వరండాలో నిలబడి, ఇక చాలు గవ్రిల్, కొట్టు మూసేయి, నడుం వంగిపోతోంది నీకు, అంది. ఎవరి నడుం వంగిపోయింది అని అతను ఆ కోపంలో పానా మీదికెక్కి నిలబడి ఆ నట్టును తొక్కాడు. ఎవరైనా అలా తొక్కితే కొట్టులోంచి గెంటేసే మనిషి తనే తొక్కాడు. ఆ మర్నాడు పొద్దున చెంచా చేతిలోంచి జారి పడింది. తర్వాత కారు పెరట్లోనే రెండు చలికాలాలు మంచులో నానింది. ఒళ్ళో పడుకున్న కుడిచేతి వంక చూసుకున్నాడు. పెళ్ళి కోటు చేతిలోంచి బయటికొచ్చిన వేళ్ళు తెల్లగా, మెత్తగా, ఎవరో గొప్పింటివాళ్ళ చేతిలా ఉన్నాయి. గోళ్ళ కింద నలుపు కూడా పోయింది. ఆ చేతి బలం ఈ లోకంలో ఇంకెక్కడైనా మిగిలి ఉందంటే ఆ నట్టులోనే మిగిలి ఉంది. రావద్దులే, అనుకున్నాడు నట్టుతో. అక్కడే ఉండు.

కింద నీళ్ళు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ళకింద పాత రోడ్డు ఉంది. ఆనకట్ట కట్టకముందు బస్సు ఆ రోడ్డునే పోయేది. బస్సుల గరాజులో పని నేర్చుకున్న రోజులవి, మేస్త్రీ బెనియామిన్ జేబులో ఎప్పుడూ చిన్న సీసా ఉండేది, తుప్పు పట్టిన నట్టు కనిపిస్తే మూత తీసి రెండు చుక్కలు దానిమీద పోసేవాడు, మిగతాది తను తాగేవాడు, ఇద్దరం మెత్తబడాలిరా, ఒక్కరు మెత్తబడితే పని కాదు అనేవాడు. ఆ బస్సులోనే, నీళ్ళ కిందికి పోయిన ఆ రోడ్డుమీదే, కిటికీ పక్కన ఎర్ర రుమాలు కట్టుకున్న అమ్మాయి కోడిపిల్లల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బస్సు చక్రం మారుస్తుంటే అందరూ దిగారు, ఆమె దిగలేదు, పిల్లలు చలికి చస్తాయి అంది, మరి నువ్వు కూర్చున్న బరువు నేను ఎత్తాలి గదా అన్నాడు తను కిందినుంచి, ఎత్తలేనివాడివి ఈ పనికెందుకు వచ్చావు అంది. ఆ ఒక్క మాటకు పడిపోయాడు. ఇప్పుడు ఆ రోడ్డుమీద చేపలు తిరుగుతుంటాయి. సవేతా ఈమధ్య రుమాలు కట్టుకోవడం మానేసింది, ఇవాళ మాత్రం పెళ్ళికని జుట్టు చుట్టించుకుని వచ్చింది, ఆ చుట్టలు చెమటకు విడిపోయి చెంపలకు అంటుకుంటున్నాయి. మోకాళ్ళకింద పాత గోనె వేసుకుంది గాని నీలం గౌను అంచుకు గ్రీజు అంటనే అంటింది. చూసుకోలేదింకా. చూసుకుంటే ఏడుస్తుంది.

వెనకనుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. దాని నిండా పళ్ళ పెట్టెలు. దిగినవాడు నలభై ఏళ్ళవాడు, బొజ్జ, చెవిమీద సిగరెట్టు. "ఏం పెద్దమ్మా, పెళ్ళికా? కొవ్వొత్తులు ఉన్నాయే."

"పెళ్ళికే. ఈ ఒక్కటీ రావడంలేదు నాయనా."

అతను తన పానా తెచ్చాడు, నాలుగు మూతులది. తగిలించి ఊపిరి బిగబట్టి ఊగాడు. గవ్రిల్ కళ్ళు మూసుకున్నాడు. జారింది. ఇంకోసారి ఊగాడు, ఇంకా ఘోరంగా జారి అతని వేళ్ళు రాయికి కొట్టుకున్నాయి. చెయ్యి విదుల్చుకుంటూ అతను కారులోకి తొంగిచూశాడు. "ఈయనకు వినపడదా?"

"నీకంటే బాగా వినపడుతుంది. మాట రాదు, అంతే."

"అయ్యో. సరే, ఒక పని చేద్దాం పెద్దమ్మా. నేను ఇంతోర్సురా మీదినుంచే పోతున్నా. ముందు ఒక్కరికే చోటుంది. నువ్వు కొవ్వొత్తులు తీసుకుని ఎక్కు. ఈయన్ని ఇక్కడే ఉండనీ, నీళ్ళసీసా పెట్టు, నీడగానే ఉంది. సాయంత్రం ఎవరినైనా పంపి తెప్పించుకో. ఎక్కడికి పోతాడు?"

మంచివాడే. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. గవ్రిల్ కూడా లోపల సరే అన్నాడు, వెళ్ళు సవేతా, నేనిక్కడ నీళ్ళు చూస్తూ కూర్చుంటాను, నువ్వొక్కదానివే నిలబడు, నాకు హాయి, నీకూ హాయి, అనుకుంటూ ఆమె మొహం చూశాడు. సవేతా నుదురు మోచేత్తో తుడుచుకుంది. "ఆయన్ని వదిలేసి నేనొక్కదాన్నే పోయి పెళ్ళిపెద్దనని నిలబడితే ఆ పిల్ల నన్నేమంటుంది? నాయనా, అది ఆయన చేతుల్లో బాప్తిస్మం పొందిన పిల్ల. పాదిరి నీళ్ళలో ముంచితే ఎనుము ఈనినట్టు అరిచింది, ఈయన ఎత్తుకోగానే నోరు మూసింది. నీ మేలు మరిచిపోను. వెళ్ళిరా, నీ పళ్ళు మెత్తబడతాయి."

వ్యాను పోయింది. దుమ్ము మెల్లగా గడ్డిమీద వాలింది. సవేతా చక్రం ముందు అలాగే కూర్చుండిపోయింది, పానా ఎత్తలేదు, ఏడవలేదు. "రెండేళ్ళు," అంది చక్రంతో చెప్తున్నట్టు, "ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్నా. రొట్టె తిన్నావా అని నేనే అడుగుతా, తిన్నా అని నేనే అంటా. నీ వంతు కోపం కూడా నేనే పడతా. అక్కడికి పోతే కనీసం ఇంకో నలుగురు మాట్లాడతారు గదా అనుకున్నా." తర్వాత గౌను అంచు చూసుకుంది, చూసుకుని, బొటనవేలితో గ్రీజు రుద్దింది, అది ఇంకా వెడల్పయింది.

గవ్రిల్ ఆ బొటనవేలినే చూశాడు. పెట్రోలు కోసం రెండేసి రోజులు వరసలో కార్లు తోసుకుంటూ కూర్చున్న కాలంలో ఈ వేలే గుడ్డ ముడి విప్పి వేడి వేడి మొక్కజొన్న సంకటి, గొర్రెపాల జున్ను తీసి నోట్లో పెట్టేది, ఎందుకంటే అతని చేతులు మసి, ముందు కారువాడూ వెనక కారువాడూ ఈలలు వేసేవారు, వేసుకోండిరా, మీ ఆడవాళ్ళు రాలేదని ఏడవండి అని తను అరిచేవాడు, ఎంత పెద్ద నోరుండేది. ఆ కారే ఇది. రంగు రెండుసార్లు మార్చారు, అప్పుడు తేనెరంగు. ఆ నోరు పోయిందని తను బాధపడ్డాడు, పక్కన ఇంకొకరి నోరు ఒంటరిదైపోయిందని ఒక్కనాడైనా అనుకున్నాడా. మూతి బిగించుకుని కిటికీ దగ్గర కూర్చోవడం, పిలిస్తే తల తిప్పకపోవడం, మాట రాదు కనక మర్యాద కూడా అక్కర్లేదన్నట్టు. మాట రాకపోవడం ఒకటి, అది అడ్డం పెట్టుకుని దాక్కోవడం ఒకటి. ఇప్పుడు కూడా, ఈ నట్టు ఎలా ఊడుతుందో ప్రపంచంలో ఎవరికీ తెలియనట్టు, నీడలో కూర్చుని, ఊడకూడదని మొక్కుకుంటున్నాడు.

ఎడమచేత్తో తలుపు రేకును గట్టిగా తట్టాడు. "రేపు."

"ఊఁ, రేపే."

"రేపు!" అని వెనక్కి వేలు చూపించాడు. ఆమె లేచి డిక్కీ తెరిచి రొట్టె తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. సారా సీసా తెచ్చింది. అదీ కాదన్నాడు. "ఈ రెండూ కాకపోతే నీకింకేం కావాలయ్యా, ఇంకో పెళ్ళామా?" అంటూనే అడుగునుంచి రేకుపెట్టె లాగి అతని ఒళ్ళో పెట్టింది. మూత తీయగానే వాసన, పాత నూనె, ఇనుము, తోలు. ఎడంచేత్తో కెలికాడు. ఎడంచెయ్యి మొద్దు, కుడిది ఎంత చెప్పినా నేర్చుకోని తమ్ముడి లాంటిది, అయినా అడుగున గుడ్డలో చుట్టి ఉన్నది దొరికింది, ఒక సైజు తక్కువ గొట్టం పానా, మూతి చుట్టూ సుత్తి దెబ్బల గుర్తులు. మూలలు అరిగిన నట్ల కోసమే దాచుకున్నది. సుత్తి కూడా తీశాడు. తర్వాత రెండు వేళ్ళు చూపించి, చక్రం మూతలో ఉన్న నట్లు చూపించి, మణికట్టు కుడివైపుకు తిప్పాడు.

సవేతా చూసింది. "విప్పినవి మళ్ళీ బిగించమంటావా? మాటొక్కటే పోయిందనుకున్నా, మతి కూడా పోయిందా?"

తల గట్టిగా ఊపాడు. ఎలా చెప్పడం, బరువంతా ఇప్పుడా ఒక్క నట్టుమీదే పడి అది పళ్ళు బిగబట్టి ఉంది, మిగతా రెండూ మళ్ళీ సాయం వస్తే అది కాస్త ఒళ్ళు వదులుతుంది. మూడు వేళ్ళూ దగ్గరకు చేర్చి చూపించాడు, ఒక్కదాన్ని విడిగా వంచి, వణికించి చూపించాడు, మళ్ళీ దగ్గరకు చేర్చాడు. ఆమె ఆ వేళ్ళ వంక చాలాసేపు చూసింది. "ఒంటరిగా ఉంటే మొండికేస్తుందంటావు," అంది నెమ్మదిగా. వంగి రెండు నట్లూ బిగించింది.

సీటులోంచి దిగడం పెద్ద పని. ముందు కుడికాలిని చేత్తో ఎత్తి బయట పెట్టాలి, తర్వాత ఎడంకాలు, తర్వాత తలుపు పట్టుకుని లేవాలి. లేచి ముందుకు వంగి, అరిగిన నట్టు మూతిమీద గొట్టం పానా పెట్టి ఎడంచేత్తో పట్టుకున్నాడు. సుత్తి ఆమె చేతికిచ్చాడు. "నీ వేళ్ళు నలిగితే నన్ననొద్దు," అంది. అననని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు, ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. కొట్టింది. మొదటి దెబ్బలు పిరికివి. తర్వాతవి గట్టివి. ఇనుము గింగురుమంటూ అతని మోచేతిదాకా వచ్చింది, ఎన్నాళ్ళయింది ఇలా వచ్చి, కొట్టులో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఈ గింగురే ఒంట్లో తిరిగేది, తొట్టెలో ముంచిన ట్యూబు బుడగలు వదిలేది, చిన్నప్పుడు యుస్తీనా ఆ బుడగలు చూడ్డానికి స్కూలు ఎగ్గొట్టి వచ్చి తొట్టె అంచుమీద గడ్డం ఆనించి నిలబడేది, ఇది ఊపిరి తీస్తోంది అనేది. దెబ్బ చప్పుడు మారింది. గొట్టం నట్టుమీద కూర్చుంది. చాలన్నట్టు చెయ్యెత్తాడు.

పిడి తగిలించి, ముందు కాస్త బిగించే వైపు నొక్కమన్నాడు, తర్వాత పిడిని తలుపు వైపుకు అడ్డంగా పెట్టించాడు. ఎడంచేత్తో కారు కప్పు పట్టుకుని, కుడిపక్క సవేతా భుజంమీద బరువు వేసి, ఎడంపాదం పిడిమీద పెట్టాడు. ఆమె చంకలోకి చెయ్యి దూర్చి నడుం పట్టుకుంది. "పడితే ఇద్దరం పడతాం," అంది. ఆమె జుట్టులోంచి పెళ్ళి అత్తరు వాసన, దానికింద ఉల్లిపాయ, చెమట, ఇల్లు. తొక్కాడు. ఏమీ లేదు. ఇద్దరూ వేరు వేరుగా ఊగుతున్నారు, ఒకరు లాగితే ఒకరు వదులుతున్నారు, ఒక్కసారే పడాలి బరువు, బస్సు గరాజులో పెద్ద చక్రాలకు ముగ్గురు పట్టేవాళ్ళం, బెనియామిన్ గట్టిగా అరిచేవాడు.

"ఒకటి," అన్నాడు గవ్రిల్. "రెండు. మూడు."

సవేతా ఊగడం మానేసి అతని మొహంలోకి చూసింది. అతనూ ఆగిపోయాడు. ఎవరన్నారు. మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి వారం వారం బతిమాలింది, తాతా, పాట పాడు, పోనీ అంకెలు చెప్పు, విడిమాటలు రానివాళ్ళకు కూడా వరస వస్తుంది అని, చిన్నపిల్లాడిలా ఒకట్లు చెప్పనా అని అతను నోరు బిగించుకుని గోడవైపు తిరిగాడు, చివరికి ఆ అమ్మాయి రావడం మానేసింది.

"ఇప్పుడేమన్నావు?" అంది సవేతా.

"రేపు," అన్నాడు, కసురుతున్నట్టు, నట్టు వంక చూపిస్తూ. ముందు ఇది కానీయి.

"సరే, సరే. మళ్ళీ అను."

"ఒకటి. రెండు. మూడు." ఇద్దరి బరువూ ఒక్కసారే పడింది. నట్టు కీచుమని అరిచి పావు చుట్టు తిరిగింది. గవ్రిల్ పాదంకింద పిడి మెత్తగా కిందికి పోయింది. రెండేళ్ళ కిందటి తన కోపం, కుడిచేతి బలం, అన్నీ ఆ అరుపులో పోయాయి. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. సవేతా అతన్ని తలుపుకు ఆనించి నిలబెట్టి, కూర్చుని, మిగతాది వేళ్ళతోనే తిప్పేసింది. జాకీ ఎత్తింది, చక్రం మార్చింది, పెట్టెలోంచి మంచి నట్టొకటి ఏరి ఇచ్చాడు. చివరన ఆమె పానా మీద కాలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తనే వంగి ఎడంచేత్తో మూడింటినీ బిగించాడు. ఎడంచేతికి ఎంత బలముందో అంతే. అది సరిపోతుంది.

కారు కదిలింది. జలాశయం వెనకబడింది, సన్నటి ఏరు వచ్చింది, గడ్డివాములు వచ్చాయి. ఇంతోర్సురా చర్చి గోపురం దూరాన కనిపించాక సవేతా రోడ్డుమీదినుంచి కన్ను తిప్పకుండా అడిగింది. "మన పెళ్ళయి ఎన్నేళ్ళయింది గవ్రిల్?"

జవాబు తలలో తయారుగా ఉంది. నోరు తెరిచాడు. "రేపు."

"ఊఁహూఁ. మొదట్నించి రా. నేను ఆగుతా."

సిగ్గుపడ్డాడు. కిటికీ వైపు తిరగబోయాడు, తిరగలేదు. "ఒకటి," అన్నాడు, ఒకటి అంటే అత్తగారి వంటిల్లు పక్క గది, పరుపులో మొక్కజొన్న పొట్టు గరగర. "రెండు, మూడు," కారు కోసం జాబితాలో పేరు రాయించి ఎదురుచూసిన ఏళ్ళు. "నాలుగు," తేనెరంగు కారు, దాన్ని సముద్రందాకా తీసుకుపోతే ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచింది. అయిదు, ఆరు, ఏడు, పెట్రోలు వరసలు, ఊయల కొని అటకమీద పెట్టిన ఏడాది, ఊయలను ఇంకెవరికో ఇచ్చేసిన ఏడాది, అది ఏ అంకెదగ్గరో ఆమెకూ తెలుసు, గేరు మార్చే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పది, పదకొండు, సొంత కొట్టు, తలుపుకు పచ్చరంగు. పద్నాలుగు, తడిసి ముద్దయిన యుస్తీనా ఒళ్ళో. అంకె వెంట అంకె వస్తోంది, దారి తెలిసిన గుర్రంలా నోరు తనంతట తనే పోతోంది, ఇరవై, ఇరవై ఆరు, ఆమె తల్లి పోయిన చలికాలం, ముప్పై, ముప్పై మూడు, వరసగా మంచి ఏళ్ళు, ఏమీ జరగని ఏళ్ళు, సాయంత్రాలు వరండాలో పళ్ళు కోస్తూ తను ఒకటే వాగుతుంటే ఆమె వినని ఏళ్ళు. ముప్పై తొమ్మిది, చెంచా కింద పడింది. "నలభై. నలభై ఒకటి," అన్నాడు.

సవేతా గ్రీజు చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. కారు చర్చి ముందుకు వచ్చింది, మెట్లమీద జనం లేచారు. "సరిగ్గా చెప్పావు," అంది. "వచ్చేశాం, ఇక ఆగు."

అతనికి ఆగాలనిపించలేదు. "నలభై రెండు," అన్నాడు. కారు ఆగింది. తెల్లగౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని యుస్తీనా పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది, ఆమె వెనకాల ముసలమ్మలు, పెళ్ళికొడుకు, పాదిరి, అందరూ అతని నోటివంకే చూస్తున్నారు.

"నలభై మూడు," అన్నాడు గవ్రిల్ యుస్తీనాతో, దిగడానికి ఎడంచెయ్యి అందిస్తూ.